మానసిక గాయం, పీటీఎస్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రమాదం, దాడి, లైంగిక హింస, యుద్ధం, భూకంపం, కళ్ళముందే ఒకరి మరణం. వీటి తర్వాత మనసుకు తగిలిన గాయం నెల దాటినా వదలకుండా జీవితాన్ని దెబ్బతీస్తుంటే దాన్ని పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. వీటిలో ఏది దాటి వచ్చినా మనుషులు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు, తమ ఒక్కరికే ఇలా అవుతోందనుకుంటారు. అందుకే ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, దశలవారీగా ఇక్కడ పెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి. చదువుతుంటే గుండె దడ పెరిగితే పక్కన పెట్టేసి, కుదుటపడ్డాక రండి.

## ఘటన జరిగిన తొలి రోజుల్లో

నిద్ర పట్టడం లేదు, అదే కళ్ళముందు తిరుగుతోంది. నాకు పిచ్చి పడుతోందా?

లేదు. పెద్ద ఆపద తర్వాత మొదటి వారాల్లో నిద్ర చెదరడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, జరిగింది పదే పదే గుర్తుకురావడం, అన్నం సహించకపోవడం, ఊరికే కోపం రావడం చాలామందిలో కనిపిస్తాయి. ఆపద ముగిసిందన్న కబురు మీ శరీరానికి ఇంకా చేరలేదు, అది కాపలా కాస్తూనే ఉంది. ఎక్కువమందిలో ఈ లక్షణాలు కొన్ని వారాల్లో వాటంతటవే సన్నగిల్లుతాయి. అయితే మూడు రోజుల నుంచి నెల రోజుల మధ్యకాలంలోనే అవి మరీ తీవ్రంగా ఉండి, రోజువారీ పనులు సాగనివ్వకపోతే వైద్యులు దాన్ని తీవ్ర ఒత్తిడి రుగ్మత అంటారు. అలాంటప్పుడు నెల గడిచేదాకా ఓర్చుకోనక్కర్లేదు. వెంటనే వెళ్ళవచ్చు.

ఆ క్షణంలో నేను అరవలేదు, పారిపోలేదు. ఎందుకలా బిగుసుకుపోయాను?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసే ప్రశ్న ఇది. అడిగేవారు దాదాపు ఎప్పుడూ తమను తామే బోనులో నిలబెట్టుకుని అడుగుతారు.

ఆపద ఎదురైనప్పుడు శరీరం ముందు మూడు దారులుంటాయి: ఎదిరించడం, పారిపోవడం, కదలకుండా ఉండిపోవడం. ఏ దారి పట్టాలో మనం తేల్చుకోలేం, అంత వ్యవధి ఉండదు. మెదడు లోతుల్లో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ప్రమాద సంకేతం ఇస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. తర్కించే ముందుభాగం పరిస్థితిని అర్థం చేసుకునేలోపే శరీరం తన దారి పట్టేస్తుంది. తప్పించుకునే మార్గం లేదనిపించినప్పుడు కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు పెగలదు, ఒళ్ళు తనది కానట్టు ఉంటుంది. జంతువుల్లోనూ ఇది కనిపిస్తుంది. లైంగిక దాడికి గురైనవారిలో ఎంతోమంది వర్ణించేది ఈ స్థితినే. 'కాళ్ళూ చేతులూ ఆడలేదు' అని మనం అనే మాటలో ఉన్నది కూడా ఇదే.

అరవకపోవడం సమ్మతి కాదు, పిరికితనం కాదు. 'ఎందుకు ఎదిరించలేదు?' అని ఎవరు అడిగినా, ఎంత పెద్ద హోదాలో ఉండి అడిగినా, తప్పు ఆ ప్రశ్నలో ఉంది.

అందరూ ఏడుస్తున్నారు, నాకు మాత్రం ఏడుపు రావడం లేదు. నా గుండె రాయి అయిపోయిందా?

భరించలేనంత బాధ ఒక్కసారిగా మీద పడినప్పుడు మనసు స్పందనను కొంతకాలం మొద్దుబార్చుకుంటుంది. అంతా అద్దం అవతల జరుగుతున్నట్టు, తనను తాను దూరం నుంచి చూసుకుంటున్నట్టు కొందరికి అనిపిస్తుంది. ప్రేమ లేదని దాని అర్థం కాదు. ఏడుపు వారాల తర్వాత, ఏదో చిన్న సందర్భంలో రావచ్చు. అసలు రాకపోయినా తప్పేమీ లేదు.

జరిగిందంతా ఒకసారి పూసగుచ్చినట్టు చెప్పేస్తే మనసు తేలికపడుతుందా?

చెప్పాలనిపిస్తే, నమ్మకమైన మనిషి దొరికితే చెప్పండి. బలవంతంగా మాత్రం వద్దు. ఒకప్పుడు ఆపద నుంచి బయటపడ్డవారిని కొద్ది రోజుల్లోపే కూర్చోబెట్టి, అంతా వివరంగా చెప్పించే పద్ధతి ఉండేది. అది పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి చేటు కూడా చేసిందని పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడే పనులున్నాయి: గమనించడం, వినడం, కావలసిన సాయంతో కలపడం. తిండి, నీళ్ళు, తలదాచుకునే చోటు, అయినవారి క్షేమసమాచారం ముందు రావాలి. మాటలు ఆ తర్వాత.

నిద్రమాత్రలో, కాస్త మద్యమో తీసుకుంటే తప్పా?

మద్యం నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజామున ఆ నిద్రనే చెదరగొడుతుంది. రోజులు గడిచేకొద్దీ మోతాదు పెరుగుతుంది, చివరికి ఒక సమస్య రెండవుతుంది. డయాజెపాం, ఆల్‌ప్రాజోలాం వంటి బెంజోడయాజెపైన్ మాత్రలను తొలి నెలలో గాయం తాలూకు లక్షణాలు తగ్గించడానికి ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అవి పీటీఎస్‌డీని నివారించవు, అలవాటుగా మారే ప్రమాదం ఉంది. ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా మానకండి, వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించాలి.

## నెల దాటినా తగ్గకపోతే

ఇది మామూలు బాధో, పీటీఎస్‌డీయో ఎలా తెలుస్తుంది?

రెండు సంగతులు చూస్తారు: ఎంతకాలంగా ఉంది, జీవితాన్ని ఎంత ఇరుకు చేసింది. లక్షణాలు నెలకు మించి ఉండి, చదువునో ఉద్యోగాన్నో బంధాలనో దెబ్బతీస్తుంటే పీటీఎస్‌డీ కోణంలో పరీక్షిస్తారు.

ఆ లక్షణాలను నాలుగు గుంపులుగా చూస్తారు. మొదటిది, రమ్మనకుండా వచ్చే జ్ఞాపకాలు, పీడకలలు, ఫ్లాష్‌బ్యాక్‌లు. రెండోది తప్పించుకోవడం: ఆ దారిన వెళ్ళకపోవడం, ఆ ఊసు రాగానే లేచిపోవడం, ఆ రోజు వేసుకున్న బట్టలు కంటపడకుండా దాచేయడం. మూడోది ఆలోచనల్లోనూ భావాల్లోనూ మార్పు. 'ఎవరినీ నమ్మకూడదు', 'నేను పనికిరాను' అన్న నమ్మకాలు బిగుసుకుంటాయి, ఇష్టమైనవి చప్పబడతాయి, ఘటనలో కొంత భాగం అసలు గుర్తుకురాకపోవచ్చు. నాలుగోది నిత్య కాపలా: ఉలికిపాటు, చిరాకు, నిద్రలేమి, ఎక్కడికి వెళ్ళినా తలుపుకు ఎదురుగా కూర్చోవడం.

రెండో గుంపు మీద ప్రత్యేకంగా కన్నేయమంటాను. తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి హాయిగా ఉంటుంది, కాబట్టి అది జబ్బులా కాక జాగ్రత్తలా కనిపిస్తుంది. మొదట ఆ కూడలి మానేస్తారు, తర్వాత ఆ రోడ్డు, తర్వాత బండి, తర్వాత గడప దాటడం. ఇక్కడ చదివినదాన్ని బట్టి మీకు మీరే పేరు పెట్టుకోకండి. నిర్ధారణ మానసిక వైద్యులో, క్లినికల్ సైకాలజిస్టో చేయాలి.

ఆ వాసన వస్తే చాలు, మళ్ళీ అక్కడే ఉన్నట్టు అవుతుంది. ఎందుకు?

మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. తలుచుకుంటే 'అది అప్పుడు జరిగింది' అని తెలుస్తూనే ఉంటుంది. ఆ కాలాన్నీ స్థలాన్నీ జ్ఞాపకానికి జతచేసే పనిలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానికి ముఖ్యపాత్ర ఉంది. తీవ్రమైన భయంలో ఆ పని సరిగా సాగదు. అమిగ్డలా మాత్రం తన పనిని రెట్టింపు శ్రద్ధతో చేస్తుంది: శబ్దం, వెలుగు, వాసన, చర్మం మీది స్పర్శ అన్నిటినీ ప్రమాద చిహ్నాలుగా గుర్తుపెట్టుకుంటుంది. ఫలితంగా తేదీ లేని ముక్కలు మిగులుతాయి. వాటిలో ఒకటి తగిలినప్పుడు మనసుకు అది గతంగా తోచదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్ అంటే ఇదే.

వాసన ఎందుకంత బలమైనదంటే, మిగతా ఇంద్రియాల సమాచారం థాలమస్ అనే మజిలీ మీదుగా వెళుతుంది. వాసన ఆ మజిలీ లేకుండానే అమిగ్డలాను చేరుతుంది. డీజిల్ వాసనో, ఒక రకం సబ్బు వాసనో మీకు కారణం తెలిసేలోపే చెమటలు పట్టించడం అందుకే.

ఇది సైనికులకు వచ్చే జబ్బు కదా?

మొదట గుర్తింపు వచ్చింది వారిలోనే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 'షెల్ షాక్' (యుద్ధరంగంలో సైనికుల మనసుకు తగిలిన గాయానికి అప్పటి పేరు) గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అప్పట్లో వణికిపోతున్న సైనికులను పిరికివాళ్ళన్నవారే ఎక్కువ. 1974లో బర్జెస్, హోల్మ్‌స్ట్రమ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అత్యాచార బాధితుల్లో ఒక క్రమంలో కనిపించే లక్షణాలను వివరించారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు తమ బాధకు గుర్తింపు కోసం చేసిన పోరాటం కూడా తోడై, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పీటీఎస్‌డీని అధికారికంగా గుర్తించింది. రోడ్డు ప్రమాదం, గృహహింస, ప్రకృతి విపత్తు, ప్రాణం మీదికి వచ్చిన ప్రసవం, ఇంటెన్సివ్ కేర్‌లో గడిపిన రోజులు, దేని తర్వాతైనా ఇది రావచ్చు. మహిళల్లో పురుషులకన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

అదే ప్రమాదంలో ఉన్న నా స్నేహితుడు బాగానే ఉన్నాడు. నాకే ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘటనను ఎదుర్కొంటారు. వారిలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. మనోబలానికీ ఈ తేడాకూ ముడిపెట్టడం అన్యాయం. ఘటన స్వభావం (సాటి మనిషి కావాలని చేసిన హింస, ముఖ్యంగా లైంగిక హింస, ఎక్కువ గాయపరుస్తుంది), అంతకుముందు తగిలిన గాయాలు, వంశపారంపర్యం, ఆ తర్వాత దొరికిన ఆదరణ, అన్నీ కలిసి తేల్చే విషయమిది. చివరిదాని గురించి ఒక మాట: ఆ రాత్రి ఒకరికి దుప్పటి కప్పి పక్కన కూర్చున్నారు, ఇంకొకరిని 'నీదే తప్పు' అన్నారు. ఇద్దరి దారులూ అక్కడే వేరుపడవచ్చు.

ఏడాది దాకా బాగానే ఉన్నాను, ఇప్పుడు మొదలైంది. అలా జరుగుతుందా?

జరుగుతుంది. లక్షణాలు పూర్తి స్థాయిలో ఆరు నెలల తర్వాత బయటపడితే ఆలస్యంగా వ్యక్తమైన పీటీఎస్‌డీ అంటారు. తరచి చూస్తే చాలామందిలో చిన్నపాటి లక్షణాలు ముందునుంచే ఉంటాయి. కోర్టు కేసు, పిల్లల పెంపకం, పని ఒత్తిడి వాటిని కప్పి ఉంచుతాయి. చికిత్సకు ఆలస్యమైందని అనుకోకండి.

నాకు జరిగింది ఒక్క ఘటన కాదు. చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి సాగింది.

తప్పించుకునే వీలులేని చోట, నమ్మవలసిన మనుషుల చేతుల్లోనే పదే పదే జరిగిన హింస మరో రకంగా గాయపరుస్తుంది. 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు దీన్ని సంక్లిష్ట పీటీఎస్‌డీగా విడిగా గుర్తించింది. పీటీఎస్‌డీ లక్షణాలతో పాటు ఇందులో మరో మూడు ఉంటాయి: భావోద్వేగాలను అదుపు చేసుకోలేకపోవడం, తానే చెడ్డదాన్నని లేదా చెడ్డవాణ్ణని లోతుగా నమ్మడం, మనుషులతో దగ్గరితనం కుదరకపోవడం. 'నా స్వభావమే ఇంత' అని ఏళ్ళ తరబడి అనుకున్నది గాయం తాలూకు లక్షణమని తెలిసిన రోజున చాలామంది మౌనంగా ఉండిపోతారు. చికిత్స ఉంది. ఎక్కువ కాలం పట్టవచ్చు.

నాకు దెబ్బేమీ తగల్లేదు, చూశాను అంతే. దీనికి కూడా బాధపడాలా?

కళ్ళారా చూడటం, దగ్గరివారికి జరిగిన ఘోరం గురించి వినడం, అంబులెన్సు సిబ్బందిలా అలాంటి దృశ్యాల మధ్యే పని చేయడం, ఇవన్నీ వైద్యశాస్త్రం లెక్కలోకి తీసుకునే కారణాలే.

తప్పంతా నాదే అన్న ఆలోచన పోవడం లేదు. అది నిజమే అయితే?

అపరాధ భావం పీటీఎస్‌డీ లక్షణాల్లో ఒకటి. 'నా వల్లే జరిగింది' అన్న నమ్మకంలో ఒక రహస్య ఊరట కూడా దాగి ఉంటుంది: నేను మరోలా చేసి ఉంటే జరిగేది కాదు, అంటే లోకం నా అదుపులోనే ఉంది. నిస్సహాయతను ఒప్పుకోవడం కన్నా నింద మోయడమే మనసుకు సులువు. 'ఆ క్షణంలో నాకు తెలిసినదేమిటి, ఇప్పుడు తెలిసినదేమిటి?' అని రెండు వరుసలుగా కాగితం మీద రాసి చూడండి. ఫలితం తెలిసిన మనిషి, తెలియని మనిషిని విచారిస్తున్నట్టు కనబడుతుంది. ఒకవేళ మీ పొరపాటు కొంత నిజంగానే ఉంటే, దాన్ని దాని కొలతలోనే చూడటం కూడా చికిత్సలో భాగమే.

## చికిత్స

కాలమే మాన్పుతుందంటారు. డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందేనా?

కొందరి విషయంలో ఆ మాట నిజం. పీటీఎస్‌డీ వచ్చినవారిలో 40 శాతం వరకు ఏడాది లోపు కోలుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలినవారిలో కాలం మాన్పేదేమీ ఉండదు, దాచిపెట్టుకునే నేర్పు మాత్రం పెరుగుతుంది. నెల దాటినా నిద్ర కుదురుకోకపోతే, మీరు వెళ్ళే చోట్లు ఒక్కొక్కటీ తగ్గిపోతుంటే, మద్యం పెరుగుతుంటే వెళ్ళండి.

చికిత్సలో మళ్ళీ అదంతా తవ్వుతారా? నేను తట్టుకోలేను.

ఈ భయంతోనే చాలామంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మంచి థెరపిస్టు మొదటి రోజే గాయం మీద చేయి వేయరు. ముందు మీ లక్షణాలు ఎందుకొస్తున్నాయో వివరిస్తారు, ఊపిరిని, ఒంటిని కుదుటపరచుకునే పద్ధతులు నేర్పిస్తారు. ఎంత వేగంగా వెళ్ళాలో మీతో కలిసి నిర్ణయిస్తారు.

బలమైన ఆధారాలున్న పద్ధతుల్లో ఒకటి ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపొందించిన దీర్ఘ ఎక్స్‌పోజర్ థెరపీ. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు ఉంటుంది. భద్రమైన గదిలో, కళ్ళు మూసుకుని, జరిగినదాన్ని వర్తమానంలో చెప్పినట్టు చెబుతారు. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వింటారు. ఇంతకాలం తప్పించుకున్న చోట్లకు, అవి నిజంగా ప్రమాదకరం కాకపోతే, మెట్టుమెట్టుగా వెళతారు. మొదటి కొన్నిసార్లు కష్టంగానే ఉంటుంది, ఉండదని చెబితే అబద్ధమవుతుంది. పదే పదే చెప్పగా చెప్పగా ఆ కథకు మొదలు, నడుమ, చివర ఏర్పడతాయి. ముఖ్యంగా చివర. అది అయిపోయిందని శరీరానికి కూడా తెలుస్తుంది.

మరొకటి ప్యాట్రీషియా రెసిక్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, సాధారణంగా 12 సెషన్లు. ఇందులో ఘటనను వివరంగా వర్ణించడం తప్పనిసరి కాదు. దాని తర్వాత మీలో బిగుసుకున్న నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు.

కళ్ళు అటూ ఇటూ కదిలించే చికిత్స ఉందంటున్నారు. నిజమేనా?

నిజమే, దాని పేరు ఈఎండీఆర్. ఫ్రాన్సీన్ షపీరో అనే మనస్తత్వవేత్త 1987లో మొదలుపెట్టారు. గాయపు జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరిస్తారు. కంటి కదలికల వల్లే మేలు కలుగుతోందా అన్న చర్చ పరిశోధకుల్లో ఉంది. చికిత్స పనిచేస్తుందనడానికి మాత్రం ఆధారాలు గట్టివి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. శిక్షణ పొందినవారి దగ్గరే చేయించుకోండి.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?

అక్కర్లేదు. సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి ఎక్కువగా ఇస్తారు. పని కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే లాభం లేదని వదిలేయకండి, కుదుటపడిందని హఠాత్తుగా ఆపకండి. దీర్ఘకాలిక మేలు విషయంలో గాయం మీద కేంద్రీకరించే మాటల చికిత్సకే మొదటి స్థానం. నిద్రా ఆకలీ లేక ఆ చికిత్సకు కూర్చునే ఓపికే లేనప్పుడు, తోడుగా డిప్రెషన్ ఉన్నప్పుడు మందు ఎంతో ఆసరా అవుతుంది.

ఫ్లాష్‌బ్యాక్ వచ్చిన క్షణంలో ఏం చేయాలి?

కళ్ళు తెరిచి ఉంచండి. పాదాలను నేలకు గట్టిగా అదిమి పెట్టండి. ఈ రోజు తేదీ, మీరున్న చోటు, మీ వయసు పైకి చెప్పండి. కనిపిస్తున్న ఐదు వస్తువులు, తాకగల నాలుగు, వినిపించే మూడు శబ్దాలు, రెండు వాసనలు, ఒక రుచి లెక్కపెట్టండి. చల్లటి నీళ్ళు చేతుల మీద పోసుకోండి. తీసుకునే ఊపిరికన్నా విడిచే ఊపిరి పొడవుగా ఉండాలి. బాగున్నప్పుడే దీన్ని సాధన చేయండి, ఆపద్వేళలో కొత్త విద్య గుర్తుకు రాదు.

బతకాలనిపించడం లేదు.

ఈ మాట ఇప్పుడే, ఒక మనిషికి పైకి చెప్పండి. ఒంటరిగా ఉండకండి. హాని చేసుకోవడానికి వీలున్న వస్తువులను వేరొకరికి అప్పగించండి. దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి, లేదా మీ ప్రాంతంలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. ఈ కోరిక తీవ్రత అలల్లా వస్తుంది, తగ్గుతుంది. ఆ అల దాటేదాకా పక్కన ఒకరుండాలి.

## ఇంట్లోవారి ప్రశ్నలు

మేము ఏమనాలి? ఏమనకూడదు?

'గుండె రాయి చేసుకో', 'అయిందేదో అయింది, మరిచిపో', 'నీకన్నా కష్టాలు పడ్డవాళ్ళు లేరా?' ఈ మూడూ ప్రేమతోనే అంటారు. విన్నవారికి మాత్రం 'ఇక మాట్లాడకు' అన్నట్టు వినిపిస్తుంది. 'నేనిక్కడే ఉన్నాను', 'చెప్పాలనిపించినప్పుడు చెప్పు, చెప్పకపోయినా ఫరవాలేదు' చాలు. వెనకనుంచి వచ్చి భుజం మీద చేయి వేయకండి. పీడకలలో అరుస్తుంటే పట్టి కుదపకుండా, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి, దీపం వేయండి.

మా ఆయన ప్రతిదానికీ విరుచుకుపడుతున్నారు. అంతా భరించాలా?

కోపం ఎక్కడినుంచి వస్తోందో అర్థం చేసుకోవడం వేరు, దెబ్బలు తినడం వేరు. గాయం కోపానికి కారణం కావచ్చు, మీ మీద చేయెత్తడానికి అది అనుమతి కాదు. మీ భద్రత ముందు. ప్రశాంతంగా ఉన్న వేళ చూసి, చికిత్స గురించి మాట్లాడండి. మీకూ ఒక కౌన్సెలర్ అవసరం పడవచ్చు, అందులో స్వార్థమేమీ లేదు.

పిల్లవాడు ఏమీ చెప్పడం లేదు, మరిచిపోయాడనుకోవచ్చా?

మాటల్లో చెప్పలేనిది పిల్లలు ఆటలో చెబుతారు. అదే ప్రమాదాన్ని బొమ్మలతో పదే పదే, ఆనందమేమీ లేకుండా ఆడటం ఒక గుర్తు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుకావడం, అమ్మను వదలకపోవడం, కడుపునొప్పి, తలనొప్పి, చదువులో వెనకబడటం కూడా చూడాలి. జరిగినదాన్ని వారి వయసుకు తగ్గ మాటల్లో నిజంగానే చెప్పండి. తెలియని ఖాళీలను పిల్లలు తమ తప్పుతో నింపుకుంటారు. నిద్ర, భోజనం, బడి వేళలు మారకుండా చూడండి. ఆ ఘటన వార్తా దృశ్యాలు టీవీలో నడుస్తుంటే ఆపేయండి.

## కోలుకునే దారిలో

పూర్తిగా నయమవుతుందా?

చాలామందిలో నిర్ధారణకు చాలినన్ని లక్షణాలే మిగలవు. జ్ఞాపకం చెరిగిపోదు, దాని పెత్తనం పోతుంది. తలుచుకుంటే కన్నీళ్ళు రావచ్చు, కానీ ఎప్పుడు తలుచుకోవాలో మీ చేతిలో ఉంటుంది.

ఆ తేదీ దగ్గరపడుతుంటే మళ్ళీ మొదటికొచ్చినట్టుంది. చికిత్సంతా వృథా అయిందా?

కాలేదు. వార్షిక తేదీ, అదే ఋతువు, అలాంటి ఘటన మరెక్కడో జరిగిన వార్త లక్షణాలను కొద్దిరోజులు రేపుతాయి. ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, ఆ వారం పని తగ్గించుకోండి, తోడుండేవారికి చెప్పి ఉంచండి. కొన్ని వారాలైనా తగ్గకపోతే మీ థెరపిస్టును ఒకటి రెండుసార్లు కలిస్తే సరిపోతుంది.

కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయంటారు. నేను మాత్రం అలా ఏమీ మారలేదే?

గాయం తర్వాత కొందరిలో జీవితం మీద కొత్త విలువ, బంధాల్లో లోతు కనిపిస్తాయని టెడెస్కీ, కాల్‌హూన్ అనే మనస్తత్వవేత్తలు 1990లలో రాశారు. అది కొందరి అనుభవం, మీరు చెల్లించాల్సిన బాకీ కాదు. జరిగినదానికి మంచి ఫలితం చూపించే బాధ్యత బాధితుల మీద మోపడం నాకు క్రూరంగా తోస్తుంది. మునుపటిలా నిద్రపోగలిగితే అదే ఎంతో.

మళ్ళీ ఆ దారిలో బండి నడపగలనా?

నడిపినవారు చాలామంది ఉన్నారు. భయం కలిగించే పనులను తక్కువ నుంచి ఎక్కువకు ఒక కాగితం మీద రాసుకోండి. ఆగి ఉన్న బండిలో కూర్చోవడం, పక్కన ఒకరుండగా వీధి చివరిదాకా వెళ్ళడం, పగటిపూట ఆ రోడ్డు దాటడం, చివరికి రాత్రిపూట ఒంటరిగా. ప్రతి మెట్టు మీదా దడ దానంతటది తగ్గేదాకా ఆగండి, పతాక స్థాయిలో ఉండగా దిగిపోతే భయమే గెలిచినట్టు శరీరం నేర్చుకుంటుంది. ఒక మెట్టు మరీ ఎత్తుగా అనిపిస్తే దాన్ని రెండు చిన్న మెట్లు చేసుకోండి. మొదటి రోజు తాళం తిప్పకుండా పది నిమిషాలు కూర్చున్నా సరే, తేదీ వేసి రాసుకోండి.